జర్మన్ వెండి ముద్రలు చదవడానికి బెలోమో 10ఎక్స్ ట్రిప్లెట్ లూప్ ఎంతవరకు పనికొస్తుంది?

పాత జర్మన్ చెంచా కాడ వెనక ఉండే ముద్రలు ఒక్కోటి మామూలుగా ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి. చదువుకునే భూతద్దంతో చూస్తే ఒక కిరీటం, ఒక అంకె, పక్కన ఏదో జంతువు అన్నంత వరకే తెలుస్తుంది. ఆ జంతువు గద్దా, సింహమా, ఎలుగుబంటా అన్నది తేలితే తప్ప వస్తువు ఎవరు చేశారో తేలదు. జర్మన్ వెండి దగ్గర చాలామంది ఆగిపోయేది సమాచారం దొరక్క కాదు, ముద్ర అసలు రూపం కంటికి అందక. అందుకే ఈ లూప్‌ను, అంటే కంటికి ఆనించి చూసే, పదింతలు (10ఎక్స్) పెద్దగా చూపే చిన్న భూతద్దాన్ని, ఆ ఒక్క పనికి పెట్టి తూకం వేస్తున్నాం. రత్నాలు చూడటానికి, గడియారాల రిపేరుకు ఇది ఎలా ఉంటుందన్నది ఇక్కడి విషయం కాదు.

బెలోమో బెలారస్‌లోని ఆప్టికల్ సంస్థ. ఈ మడత లూప్‌లో మూడు అద్దాలను ఒకదానికొకటి అతికించి ఒకే కటకంగా చేశారు; ట్రిప్లెట్ అనేది అందుకే. వ్యాసం 21 మిల్లీమీటర్లు. ఈ రెండూ మన పనికి నేరుగా పనికొస్తాయి. ఒంటి కటకంతో చూస్తే మధ్యలో ఉన్న ముద్ర స్పష్టంగా ఉన్నా అంచుల దగ్గర గీతలు వంగిపోతాయి, నీలం, పసుపు రంగుల అంచు కడుతుంది. జర్మన్ ముద్రలు వరుసగా ఉంటాయి కాబట్టి ఆ వంకర వల్ల చివరి ముద్ర చుట్టూ ఉన్న గడి చదరమా, కోలగా ఉందా అన్నది పొరబడతాం. ఈ లూప్‌ను కంటికి దగ్గరగా పెట్టుకుంటే చెంచా మీది వరుస మొత్తం ఒక్క చూపులో, దాదాపు వంకర లేకుండా కనిపిస్తుంది. ధర తక్కువగా ఉండే చిన్న లూపులకీ దీనికీ ఉన్న అసలు తేడా అదే.

వాడే పద్ధతి తప్పితే ఎంత మంచి కటకమైనా మసకగానే చూపిస్తుంది. 10ఎక్స్ అంటే వస్తువు కటకానికి సుమారు 25 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. లూప్‌ను చెంచా దగ్గర పెట్టి తల వంచి చూడకూడదు. లూప్‌ను కంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకుని చెంచానే పైకి తేవాలి. లూప్ పట్టుకున్న చేతి బొటనవేలు చెంపకు, రెండు మోచేతులు బల్లకు ఆనిస్తే వణుకు పోతుంది. రెండో కన్ను మూయకుండా ఉంటే కళ్లు తొందరగా అలసిపోవు. స్పష్టంగా కనిపించే లోతు చాలా తక్కువ కాబట్టి కాడ వంపు తిరిగిన చోట ముద్ర ఒక కొస తేటగా, రెండో కొస మసకగా కనిపిస్తుంది. అప్పుడు చెంచాను కొద్దికొద్దిగా వాలుస్తూ చదవాలి. అది లూప్ లోపం కాదు.

ఈ మోడల్‌లో లైటు లేదు. చాలామంది దీన్ని లోటుగా చెబుతారు. వెండి ముద్రలకు మాత్రం ఇదే మేలు. కటకం చుట్టూ ఎల్‌ఈడీలు ఉన్న లూపుల్లో వెలుతురు నాలుగు పక్కల నుంచీ సమానంగా పడుతుంది. ముద్ర అంటే లోహంలో దిగిన గుంట. గుంట కనిపించాలంటే నీడ పడాలి. చుట్టూ వెలుతురు ఉంటే నీడ చచ్చిపోతుంది, మెరుగు పెట్టిన వెండి అద్దంలా తిరిగి కళ్లలోకి కొడుతుంది. విడిగా ఒక చిన్న టార్చి తీసుకుని దాదాపు బల్లకు సమాంతరంగా, పది ఇరవై డిగ్రీల కోణంలో పక్కనుంచి వెలుతురు వేయాలి. తర్వాత చెంచాను కదపకుండా టార్చిని మాత్రం చుట్టూ తిప్పాలి. ఒక దిక్కు వెలుతురులో "8"లా ఉన్నది ఇంకో దిక్కున "3"గా తేలడం మామూలే. రెండు దిక్కుల్లోనూ ఒకేలా కనిపించిన గీతనే నమ్మాలి.

చూసేముందు శుభ్రం చేయాలి, మెరుగు పెట్టకూడదు. గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క సబ్బు, మెత్తని బ్రష్షు చాలు. గుంటలో గట్టిపడిన పాత పాలిష్ పేస్టును పుల్లతో తీయవచ్చు కానీ సూదితో వద్దు, సూది గీత తర్వాత ముద్రలో భాగంలా కనిపిస్తుంది. నలుపు వదిలించే డిప్ ద్రావణాలు అసలే వద్దు. గుంటలో మిగిలిన ఆ నలుపే గీతను చూపిస్తుంది, అది పోతే అరిగిన ముద్ర ఇంకా కనబడకుండా పోతుంది. బాగా అరిగిన చోట నోటితో ఒక్కసారి ఆవిరి ఊది, అది ఆరిపోయే ఆ రెండు క్షణాల్లో లూప్‌లోంచి చూడాలి. టాల్కం పౌడర్ చిటికెడు రుద్ది పైపైన తుడిచినా గుంటలో తెల్లగా నిలిచి ఆకారం చూపిస్తుంది.

ఇక ముద్రల సంగతి. జర్మనీ అంతటికీ ఒకే చట్టం 1884లో వచ్చింది, 1888 జనవరి 1 నుంచి అమలైంది. దాని ప్రకారం వెండికి నెలవంక, కిరీటం, వెయ్యింట వెండి ఎన్ని భాగాలో చెప్పే అంకె, సంస్థ గుర్తు ఉండాలి. నెలవంక, కిరీటం కొట్టాలంటే స్వచ్ఛత కనీసం 800. ఎక్కువగా కనిపించేది 800. 830, 835, 900, 925 కూడా దొరుకుతాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి: ఇంగ్లండులోలాగా ప్రభుత్వ పరీక్షా కార్యాలయం కొట్టే ముద్ర కాదిది. తయారీదారే కొట్టుకుంటాడు, దానికి తనే పూచీ. అందుకే ఊరి పేరు, సంవత్సరం చెప్పే అక్షరం ఉండవు. నెలవంక, కిరీటం ఉంటే వస్తువు 1880ల చివరికి ముందుది కాదని మాత్రం గట్టిగా చెప్పవచ్చు. ఆ ముద్రలు ఈనాటికీ వాడుకలో ఉన్నాయి కాబట్టి ఎప్పటిదాకా అన్నది వాటినిబట్టి చెప్పలేం. కాలాన్ని తేల్చేది సంస్థ గుర్తే. లూప్‌కు అసలు పని అక్కడే పడుతుంది.

నెలవంక, కిరీటం లేకుండా 800 ఒక్కటే ఉంటే జర్మనీ అని రాసేయకూడదు. ఇటలీలోనూ 800 విరివిగా కొట్టారు. ఆస్ట్రియా–హంగరీ వస్తువుల మీద 1867 నుంచి 1922 దాకా డయానా దేవత తల ఉంటుంది, దాని పక్కనే స్వచ్ఛత చెప్పే చిన్న అంకె ఉంటుంది. 3 అంటే 800. అరిగిన డయానా తల విడి కంటికి కిరీటంలా కనిపిస్తుంది. 10ఎక్స్‌లో ముక్కు, నుదురు మీది నెలవంక విడిపడతాయి కాబట్టి ఈ రెండింటినీ కలిపేసుకునే ప్రమాదం తప్పుతుంది.

సంస్థ గుర్తుల్లో గద్ద కనిపిస్తే హైల్‌బ్రాన్‌లోని బ్రుక్‌మన్ గుర్తుకొస్తుంది. 1805లో మొదలైన ఈ సంస్థ జర్మనీలోని పెద్ద వెండి కర్మాగారాల్లో ఒకటిగా ఎదిగింది. అయితే గద్ద ఫ్రాంక్‌ఫర్ట్ పాత నగర చిహ్నం కూడా. అందుకే గద్ద ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. రెక్కలు ఎలా విప్పింది, చుట్టూ గడి ఉందా, పక్కన నెలవంక కిరీటం ఉన్నాయా – మూడూ చూడాలి. బ్రెమెన్ మరో పెద్ద కేంద్రం. 1810 నాటి విల్కెన్స్, 1829 నాటి కోక్ అండ్ బెర్గ్‌ఫెల్డ్ అక్కడివే. ఫ్లెన్స్‌బుర్గ్‌లో 1874లో మొదలైన రోబె అండ్ బెర్కింగ్ ఇప్పటికీ నడుస్తోంది. ఇలా ఎక్కువకాలం నడిచిన సంస్థల గుర్తులు మధ్యలో మారుతూ వచ్చాయి. గుర్తు ఏ తరంది అన్నది గడి ఆకారం, అక్షరాల మధ్య చుక్క, చుట్టూ ఉన్న గీత మందం లాంటి చిన్న తేడాల్లో ఉంటుంది. ఈ లూప్ అవన్నీ తేటగా చూపిస్తుంది.

పూర్తి పేరు చెక్కి ఉంటే సంబరపడి ఆగిపోకూడదు. నెలవంక వరుసలో ఒక చిన్న గుర్తు ఉండి, దానికి కాస్త ఎడంగా ఒక పేరు పూర్తి అక్షరాల్లో ఉంటే, చాలాసార్లు ఆ పేరు అమ్మిన నగల దుకాణానిది. చేసింది చిన్న గుర్తువాళ్లు. దీనికి మినహాయింపులూ ఉన్నాయి: ఫ్రాంక్‌ఫర్ట్‌లోని లాజరస్ పోజెన్ సంస్థ తన పేరునే "పోజెన్" అని కొట్టేది. పేరూ గుర్తూ ఒకే పంచ్‌తో (ముద్ర కొట్టే ఉక్కు అచ్చుతో) పడ్డాయా, వేర్వేరు పంచ్‌లా అన్నది లూప్‌లో చూస్తే తెలిసిపోతుంది. వేర్వేరు పంచ్‌లైతే లోతు ఒకేలా ఉండదు, వరుస కొద్దిగా వంగి ఉంటుంది.

అక్షరాల దగ్గర తడబాటు ఎక్కువ. పాత ముద్రల్లో "ఐ" అక్షరమే "జె"కి కూడా వాడేవారు. గోతిక్ లిపి అయితే "ఏ" అక్షరం "యూ"లా, "ఎస్" అక్షరం "జి"లా కనిపిస్తుంది. చదివిన ఒక్క రూపంతోనే వెతికితే దొరకదు. లూప్‌లో కనిపించిన గీతల్ని ఉన్నదున్నట్టు కాగితం మీద పెద్దగా గీసుకుని, వీలున్న రెండు మూడు చదువులూ రాసుకుని, అన్నింటితోనూ వెతకాలి.

1888కి ముందు వస్తువుల లెక్క వేరు. అప్పుడు స్వచ్ఛతను లోట్‌లలో చెప్పేవారు. 16 లోట్ అంటే మేలిమి వెండి. 12 అంటే 750, 13 అంటే 812.5, 14 అంటే 875. చెంచా మీద ఒంటరిగా ఉన్న "12" చాలామందికి వరుస సంఖ్యలా అనిపిస్తుంది, నిజానికి అది స్వచ్ఛత. నగర చిహ్నాలు కూడా అప్పుడు ఉండేవి: ఔగ్స్‌బుర్గ్‌కు పైన్ కాయ, న్యూరెంబర్గ్‌కు "ఎన్" అక్షరం, బెర్లిన్‌కు ఎలుగుబంటి, బ్రెమెన్‌కు తాళంచెవి, హాంబుర్గ్‌కు కోట బురుజులు. ఔగ్స్‌బుర్గ్ పైన్ కాయ కింద 1735 ప్రాంతం నుంచి ఒక అక్షరం చేరింది. అది దొరికితే కాలం చాలా దగ్గరగా తెలుస్తుంది. అయితే అది కొన్ని పదుల మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోతులో దిగిన బుల్లి అక్షరం, పక్క వెలుతురు లేకుండా పైన్ కాయ కాడలో కలిసిపోతుంది.

పాత గిన్నెలు, పళ్లేల అడుగున వంకరటింకరగా, పాము నడిచినట్టు ఒక గీత ఉంటుంది. పరీక్ష కోసం అక్కడ వెండి కాస్త చెక్కి తీశారు. లూప్‌లో చూస్తే ఆ గీత ఒక్కో మలుపు దగ్గరా ఉలి కాసేపు ఆగి మళ్లీ కదిలిన ఆనవాలు కనిపిస్తుంది. అది కుడిఎడమలకు ఊపుతూ చేత్తో చెక్కిన పని. గీత గుంట అడుగు మెరుస్తూ, పదునుగా, చుట్టూ ఉన్న పాత నలుపుకు భిన్నంగా తాజాగా ఉంటే అనుమానించాలి. పాతదైతే గీత లోపల కూడా అదే వయసు కనిపిస్తుంది.

అందరినీ ఎక్కువగా తికమక పెట్టేది హనావు. 19వ శతాబ్దం చివర్లో ఈ ఊరి వెండి కర్మాగారాలు పాత శైలి గిన్నెలు, పాత్రలు, అలంకారపు పడవలు పెద్ద ఎత్తున చేశాయి. ఔగ్స్‌బుర్గ్, న్యూరెంబర్గ్, ఫ్రాన్స్ పాత ముద్రల్ని తలపించే ఊహా ముద్రలు వాటి మీద కొట్టాయి. నెరెస్‌హైమర్, ష్లైస్నర్, స్టోర్క్ అండ్ సిన్స్‌హైమర్, గెబ్రూడర్ గ్లాజర్, కార్ల్ కుర్ట్స్, గెయోర్గ్ రోత్ ఈ కోవలో బాగా తెలిసిన పేర్లు. ఇవి మోసపు వస్తువులని కొట్టిపారేయడం తప్పు. వెండి నిజమైనదే, పనితనం చాలాసార్లు గొప్పగా ఉంటుంది, వాటికి వేరే సేకర్తలున్నారు. తప్పంతా వాటిని 17వ శతాబ్దపు వస్తువులని అమ్మడంలో ఉంది.

హనావు ముద్రను ఎలా పట్టాలి? లూప్‌లో మూడు సంగతులు చూడండి. ఒకటి, మరీ ఎక్కువ ముద్రలు. అసలైన ఔగ్స్‌బుర్గ్ వస్తువుపై నగర చిహ్నం, చేసినవాడి గుర్తు ఉంటాయి. హనావు వాటిపై కిరీటాలు, అక్షరాలు, పువ్వులు నాలుగైదు ఒకే వరుసలో తీర్చిదిద్దినట్టు పడతాయి. రెండోది, పంచ్ పదును. అన్నీ ఒకే రకం పదునుతో, ఒకే లోతుతో, గడి అంచులు చీల్చినట్టు తిన్నగా ఉంటే అది యంత్రాల కాలపు ఉక్కు పంచ్ అనుకోవచ్చు. మూడోది, పక్కనే ఇంకో దేశపు ముద్ర. ఇంగ్లండుకు ఎగుమతైన వాటి మీద అక్కడి పరీక్షా కార్యాలయం దిగుమతి ముద్ర ఉంటుంది. 1867 నుంచి విదేశీ వస్తువుల మీద కోల గడిలో "ఎఫ్" అక్షరం కొట్టేవారు, 1904 తర్వాత .925 అంకె కనిపిస్తుంది. నెరెస్‌హైమర్ వస్తువుల్ని అక్కడ బెర్తోల్డ్ ముల్లర్ దిగుమతి చేసుకునేవాడు, అతని పేరు తొలి అక్షరాలూ ఉంటాయి. అప్పుడు సంవత్సరం చెప్పే ఇంగ్లీషు అక్షరం కూడా దొరుకుతుంది కాబట్టి కాలం దాదాపు కచ్చితంగా తేలుతుంది. ఆ దిగుమతి ముద్రలు చాలాసార్లు అంచు నగిషీలో ఇరికి ఉంటాయి. పాత్ర చుట్టూ అంచంతా లూప్‌తో తిప్పి చూసేదాకా పని పూర్తి కాలేదనుకోవాలి. మూత, పిడి, అడుగు విడివిడిగా వచ్చే వస్తువైతే ఒక్కోదాని మీదా ముద్ర వెతికి, అన్నీ సరిపోతున్నాయో లేదో చూడాలి.

పూత వస్తువుల్ని పక్కకు తీయడంలో కూడా ఈ లూప్ గట్టిదే. "90" అనే అంకె 90 శాతం వెండి కాదు. 24 చదరపు డెసిమీటర్ల పైభాగానికి 90 గ్రాముల వెండి పూత అని అర్థం, లెక్క వేస్తే పూత మందం సుమారు 36 మైక్రాన్లు. పక్కన 45 ఉంటే ఆ రకం వస్తువులు డజనుకు పట్టిన గ్రాములు. కింద ఉన్న లోహం సాధారణంగా రాగి, నికెల్, జింకు మిశ్రమం; దాన్నే అల్పకా, నోయ్‌జిల్బర్ అని కొడతారు, జర్మన్ సిల్వర్ అన్నా అదే. ఇందులో వెండి అసలు లేదు. ఉష్ట్రపక్షి గుర్తు ఉంటే 1880లో ఏర్పడిన డబ్ల్యూ.ఎం.ఎఫ్, అంటే గైస్లింగెన్‌లోని వుర్టెంబెర్గ్ లోహ కర్మాగారం. అక్కడి వాటిలో ఎక్కువ భాగం పూత వస్తువులే. ఎలుగుబంటి కనిపించగానే బెర్లిన్ అనుకుంటారు, కానీ ఆస్ట్రియాలోని బెర్న్‌డార్ఫ్ కర్మాగారం కూడా ఎలుగుబంటినే గుర్తుగా పెట్టుకుంది, అదీ పూత వస్తువుల మీద. పూత వస్తువుపై ముద్ర ముందు కొట్టి తర్వాత పూత వేస్తారు కాబట్టి గుంట అంచులు మొద్దుగా, గుండ్రంగా కనిపిస్తాయి. చెంచా వెనక బల్లకు ఆనే చోట, ఫోర్కు పళ్ల కొసల్లో పూత అరిగి లోపలి పసుపు ఛాయ బయటపడటం 10ఎక్స్‌లో తేలిగ్గా కనిపిస్తుంది.

కత్తుల దగ్గర ఇంకో మాట. ఉక్కు బ్లేడు మీద "జోలింగెన్" అనో, ఇద్దరు బొమ్మల హెంకెల్స్ గుర్తో ఉంటే అది బ్లేడు చేసినవాళ్లది. వెండి చేసింది ఎవరో పిడి మీది ముద్ర చెబుతుంది. పిడి బోలుగా ఉండి లోపల రాళ్లపొడి, లక్క లాంటిది నింపి ఉంటుంది కాబట్టి కత్తిని తూచి వెండి లెక్క కట్టకూడదు.

ఈ లూప్ ధరకు తగ్గ విలువ తెచ్చిపెట్టేది అతికించిన ముద్రలు, పోత ముద్రలు పట్టే చోట. కొట్టిన ముద్రలో గుంట గోడలు నిటారుగా ఉంటాయి, అడుగు నున్నగా ఉంటుంది, గడి చుట్టూ లోహం జరిగి సన్నని గట్టు కడుతుంది. పలుచటి రేకైతే వెనకవైపు ఆ చోట చిన్న ఉబ్బు తగులుతుంది. అసలు చెంచా నుంచి అచ్చు తీసి పోతపోసిన దొంగ చెంచాలో ముద్ర కూడా పోతలోనే వస్తుంది. గోడలు కరిగినట్టు వాలి ఉంటాయి, అడుగున ఇసుక రేణువుల్లాంటి గరుకు, సూది మొనంత రంధ్రాలు కనిపిస్తాయి, గట్టు ఉండదు. ఆరు చెంచాల జతలో ఆరింటి మీదా ముద్ర ఒకే చోట, ఒకే వాలులో, ఒకే గీతతో సహా ఉంటే ఇంకేం చూడనక్కర్లేదు. చేత్తో కొట్టిన ముద్రలు అలా పడవు. ఇక ఒక చిన్న పాత వస్తువు నుంచి ముద్రలున్న ముక్క కోసి పెద్ద పాత్ర అడుగున అతికించే మోసం ఉంది. పక్క వెలుతురులో ముద్రల చుట్టూ ఒక సన్నని గీత మూసుకుపోయిన గడిలా కనిపిస్తుంది. టంకం వెండి కంటే పసుపుగా ఉంటుంది, నలుపు పట్టడంలోనూ తేడా ఉంటుంది. ఆవిరి ఊదినప్పుడు ఆ గీత ఇంకా తేటగా బయటపడుతుంది.

మిగతా పనిముట్లతో పోలిస్తే? "30ఎక్స్" అని రాసి అమ్మే పెద్ద ఒంటి కటకాలకు ఆ శక్తి ఉండే వీల్లేదు. నిజమైన 30ఎక్స్‌కు వస్తువు ఎనిమిది మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, కటకం చిన్నగా ఉండాలి. నిజమైన 20ఎక్స్ అయితే దూరం 12.5 మిల్లీమీటర్లు, లూప్ నీడ చెంచా మీదే పడి పక్క వెలుతురుకు చోటు మిగలదు. టంకం గీతలాంటి ఒక్క అనుమానాన్ని తేల్చుకోవడానికి తప్ప దానితో పని లేదు. కంప్యూటరుకు తగిలించే మైక్రోస్కోపు ఫొటోలు దాచుకోవడానికి బాగుంటుంది, కానీ వస్తువును చేతిలో తిప్పుతూ వెలుతురు మారుస్తూ చదవడానికి లూప్‌కు సాటిరాదు.

లోపాలు లేకపోలేదు. మడత లూపులన్నింట్లో ఉన్నట్టే ఇరుసు వాడగా వాడగా వదులవుతుంది, అప్పుడు కటకం తనంతట తను ఊగుతుంది. కటకం పెద్దది కాబట్టి వేలిముద్రలు తొందరగా పడతాయి. చొక్కా అంచుతో తుడిస్తే ఉన్న ధూళే గీతలు పెడుతుంది. ముందు గాలి ఊది, తర్వాత మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. కళ్లద్దాలు పెట్టుకునేవారు తీయకుండా కూడా చూడవచ్చు కానీ కనిపించే మేర కాస్త తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, లూప్ లోహాన్ని పరీక్షించదు. ముద్ర 800 అంటే 800 ఉందని కాదు. అనుమానం తీరకపోతే వస్తువు పాడుకాని ఎక్స్‌రే పరీక్ష చేయించాలి. యాసిడ్ చుక్కను ముద్ర దగ్గర అసలు వాడకూడదు, మచ్చ పడితే మళ్లీ చదవలేరు.

చదవలేని ముద్రను ఇంకొకరికి చూపించాలంటే ఫోను కెమెరాకు లూప్‌ను ఆనించి ఫొటో తీయవచ్చు. 21 మిల్లీమీటర్ల వ్యాసం వల్ల కెమెరా కన్నుకు కటకాన్ని సరిగ్గా నడిమధ్యన పెట్టడం తేలిక. ఫోను జూమ్ వాడకుండా, వెలుతురు దిక్కు మార్చి మార్చి కనీసం మూడు ఫొటోలు తీయాలి. పక్కన మిల్లీమీటర్ల స్కేలు పెట్టాలి, వరుస మొత్తం ఒక ఫొటోలో పడాలి, ఒక్కో ముద్రకు విడి ఫొటో ఉండాలి, వస్తువు మొత్తం ఒకటి, వెనకవైపు ఒకటి. బరువు, పొడవు కూడా రాసి పంపితే చూసేవాళ్లు గుర్తును ఏ కర్మాగారానికి ముడిపెట్టాలో తేలిగ్గా తేలుస్తారు.